గూడ్సు బండి తోకన కావలి

చిన్న స్టేషనులో ఆగక సాగిపోవు గూడ్సు బండిని చూచునపుడు పిల్లలు ఇంజనును చూతురు, పెట్టెలను లెక్కపెట్టుదురు. స్టేషను మాస్టరు చూపు మాత్రము బండి తోకపై నుండును. పచ్చజెండా చేతబట్టి, ధూళి రేగి కన్నులలో పడుచున్నను, కట్టకడపటి పెట్టె తనను దాటు వఱకు అతడు కదలడు. ఆ పెట్టె వెనుక "ఎల్‌వి" అను రెండు ఇంగ్లీషు అక్షరములు గల పలక వ్రేలాడుచుండును. "లాస్ట్ వెహికిల్", అనగా కడపటి వాహనము, అను మాటలకు అది పొట్టి గుర్తు. రాత్రివేళ అచ్చట ఎఱ్ఱదీపము వెలుగుచుండును. ఆ గుర్తు కనబడినపుడే బండి మొత్తము వచ్చినట్లు. అది కనబడకపోయినచో కొన్ని పెట్టెలు దారిలో తెగి నిలిచిపోయి యుండవచ్చును. ఆ సందేహము తీరు వఱకు ఆ దారిలోనికి మఱియొక బండిని విడువరాదు.

ఇంజను వచ్చినంత మాత్రమున బండి వచ్చినట్లు కాదు. ఈ చిన్న సూత్రములో రైలు భద్రతా చరిత్ర చాలవఱకు ఇమిడియున్నది. రెండు కిలోమీటర్ల పొడవు గల గూడ్సు బండికి ముందు కూర్చున్న డ్రైవరుకు తన బండి తోక కనబడదు. దాని చప్పుడును వినబడదు. అందుచే తోకవద్ద మూడు పనులు జరుగవలసియున్నవి. మొదటిది, బండి తెగక పూర్తిగా నున్నదని గుర్తు చూపుట. రెండవది, బ్రేకులను నడపు గాలి చివరి పెట్టె వఱకు అందుచున్నదో లేదో కనిపెట్టుట. మూడవది, ఆపద వచ్చినపుడు తోకనుండియే బ్రేకు వేయుట.

చాలకాలము ఈ మూడు పనులను చేసినవాడు మనుష్యుడు. నేడు అమెరికా, కెనడా దేశములలోని గూడ్సు బండ్లపై వీనిని సుమారు 15 కిలోగ్రాముల బరువు గల ఒక పరికరము చేయుచున్నది. అయితే మనుష్యుని తొలగించి పరికరమును తగిలించిన తొలినాళ్లలో దానికి రెండు పనులను మాత్రమే అప్పగించిరి. మూడవ దానిని విడిచిపెట్టుట వలన కలిగిన నష్టమెట్టిదో, దానిని సరిదిద్దుకొనుట కెంతకాలము పట్టినదో ఈ పరికరము చరిత్ర తెలుపును.

చేతి బ్రేకుల కాలము

రైళ్లు వెలసిన తొలిరోజులలో బండిని ఆపుట మనుష్యుల చేతులతో జరుగవలసిన పని. అమెరికాలోని గూడ్సు బండిలో పెట్టె పైభాగమున ఒక ఇనుప చక్రముండెడిది. దానిని త్రిప్పినచో గొలుసు బిగిసి, బ్రేకు దిమ్మ బండి చక్రమును ఒత్తుకొనెడిది. డ్రైవరు కూత వేయగనే బ్రేకుమాన్ అను పనివారు నడచుచున్న బండి కప్పులపై పరుగిడుచు, పెట్టెనుండి పెట్టెకు దుముకుచు, ఒక్కొక్క చక్రమునే త్రిప్పవలసియుండెను. వానలోను, మంచులోను, చీకటిలోను ఇదే పని. కాలు జారి పడి మరణించినవారును, అవిటివారైనవారును పెక్కుమంది.

ఈ కష్టమునకు పరిష్కారము చూపినవాడు అమెరికా దేశీయుడగు జార్జి వెస్టింగ్‌హౌస్. ఇతడు 1846లో జన్మించెను. 1869లో, తన యిరువదిమూడవ యేట, సంపీడిత వాయువుతో పనిచేయు బ్రేకునకు పేటెంటు పొందెను. ఇంజనుపై నున్న పంపు గాలిని ఒక తొట్టిలో కూరును. డ్రైవరు మరను త్రిప్పగనే ఆ గాలి గొట్టము గుండ పెట్టెలన్నిటికిని ప్రవహించి బ్రేకులను బిగించును. ఏర్పాటు చక్కనిదే కాని అందొక లోపము కలదు. బండి నడుమ తెగినచో గొట్టము కూడ తెగును. గాలి బయటకు పోవును. బ్రేకు మిక్కిలి అవసరమైన క్షణముననే అది లేకుండపోవును.

1872లో వెస్టింగ్‌హౌస్ ఈ యేర్పాటును తలక్రిందులు చేసెను. గాలి వచ్చినపుడు బ్రేకు పడుటకు బదులు, గాలి తగ్గినపుడు బ్రేకు పడునట్లు మార్చెను. ప్రతి పెట్టెక్రింద ఒక చిన్న గాలితొట్టిని, దాని ప్రక్క మూడు దారుల కవాటమును అమర్చెను. బండి నడచునంతసేపు గొట్టములోని గాలి నిండు పీడనముతో నుండి తొట్టిని నింపియుంచును. డ్రైవరు గొట్టమునుండి కొంత గాలిని బయటకు విడువగనే గొట్టములోని పీడనము తొట్టిలోని పీడనముకంటె తగ్గును. ఈ భేదము వలన కవాటము జరిగి, తొట్టిలోని గాలికి బ్రేకు సిలిండరులోనికి దారి యిచ్చును, బ్రేకు పడును. గొట్టములో పీడనమును మరల పెంచినచో కవాటము మొదటి స్థానమునకు వచ్చి బ్రేకు విడును. ఇట్టి బండి నడుమ తెగినచో రెండు భాగములును తమంతట తామే నిలిచిపోవును. నేటి గూడ్సు బండ్ల గాలి బ్రేకులకు మూలము ఈ సూత్రమే.

గాలి మోయు కబురు

ఈ యేర్పాటులో గొట్టములోని గాలి రెండు విధముల ఉపయోగపడుచున్నది. తొట్లను నింపి బ్రేకుకు శక్తి నిచ్చునదియు అదే. డ్రైవరు ఆజ్ఞను వెనుకకు మోసికొనిపోవు దూతయు అదే. ఆ దూత యెంత వేగముగ నడచును? పీడనము తగ్గినదను కబురు గొట్టములో తరంగమువలె సాగును. ఎట్టి కవాటములను అమర్చినను దాని వేగము గాలిలో ధ్వని వేగమును, అనగా సెకనుకు సుమారు 340 మీటర్లను, మించజాలదు.

1886, 1887 సంవత్సరములలో అమెరికాలోని అయోవా రాష్ట్రమున బర్లింగ్‌టన్ వద్ద 50 పెట్టెల గూడ్సు బండ్లతో బ్రేకు పరీక్షలు జరిగెను. ముందు పెట్టెలకు బ్రేకు పడి అవి నిదానించుచుండగా, కబురింకను అందని వెనుక పెట్టెలు పూర్వపు వేగముతో వచ్చి వానిని గట్టిగా ఢీకొనెను. వెస్టింగ్‌హౌస్ తన కవాటమును మార్చి, 1887లో త్వరితముగ పనిచేయు కవాటమును సిద్ధపఱచెను. ఆపత్సమయమున ప్రతి పెట్టె కవాటమును తన దగ్గఱి గొట్టపు గాలిని తానే కొంత లాగివేయును. అందుచే కబురు చేతినుండి చేతికి అందించిన కడవవలె త్వరగా వెనుకకు పోవును.

నేటి గూడ్సు బండ్లలో అత్యవసర బ్రేకు కబురు సెకనుకు సుమారు 280 మీటర్లు సాగుచున్నది. రెండు కిలోమీటర్ల బండిలో అది చివరకు చేరుటకు 7 సెకన్లు పట్టును. బండి గంటకు 80 కిలోమీటర్ల వేగముతో పోవుచున్నచో, బ్రేకు పడుటకు ముందే చివరి పెట్టె 155 మీటర్ల దూరము పోయియుండును. ఈ లెక్కను విద్యార్థులు తామే వేసి చూడవచ్చును. బండి పొడవు పెరిగినకొలది తోక డ్రైవరుకు మఱింత దూరమగుచున్నదని అప్పుడు తెలియును.

ఆర్మా వాలు

అమెరికాలో ఈ పరీక్షలు ముగిసిన రెండేండ్లకు, అట్లాంటికు మహాసముద్రమున కావల ఐర్లండులో, తోకను పట్టియుంచు బ్రేకు లేనిచో ఏమగునో ఘోరముగ వెల్లడియైనది. 1889 జూను 12వ తేదీన ఆర్మా పట్టణమునుండి ఒక విహారయాత్రా బండి బయలుదేరెను. అందు ఆదివారపు పాఠశాలల పిల్లలును, వారి పెద్దలును తొమ్మిదివందలకు పైగా నుండిరి. పెట్టెలు 15. సుమారు 75 అడుగులకు ఒక అడుగు చొప్పున ఎక్కు వాలులో ఇంజను బలము చాలక బండి నిలిచిపోయెను. సిబ్బంది బండిని రెండు చేసి, ముందు భాగమును మొదట పైకి గొనిపోవ నిశ్చయించిరి.

వెనుక మిగిలిన పది పెట్టెలను పట్టియుంచుటకు గార్డు పెట్టెలోని చేతి బ్రేకును, చక్రములక్రింద పెట్టిన రాళ్లును తప్ప మఱేమియు లేకపోయెను. బండికి నిర్వాత బ్రేకు కలదు గాని అది స్వయముగ పడు రకము కాదు. గొట్టము విడదీయగనే వెనుక పెట్టెలలో పనిచేయుట మానెను. ముందు భాగము కదలుచు కొంచెము వెనుకకు జరిగి తాకగా, ఆ పది పెట్టెలును రాళ్లను దాటి, వాలు వెంట జారి, వెనుక వచ్చుచున్న మఱియొక బండిని గ్రుద్దుకొనెను. సుమారు 80 మంది మరణించిరి. వారిలో పిల్లలు పలువురు.

మూడు నెలలు తిరుగకమునుపే బ్రిటిషు పార్లమెంటు రైల్వే నియంత్రణ చట్టమును చేసెను. ప్రయాణికుల బండ్లకు స్వయముగ పడు బ్రేకులు తప్పనిసరి యయ్యెను. ఒక విభాగములో ఒకే బండి యుండవలెనను పద్ధతియు తప్పనిసరి యయ్యెను. విభాగము ఖాళీ యయ్యెనని తెలియవలెనన్నచో బండి తోక దాటినదని తెలియవలెను. తోకదీపమునకు అంతటి ప్రాముఖ్యము కలుగుటకు కారణమిదే. అమెరికాలో 1893 మార్చి 2వ తేదీన అధ్యక్షుడు బెంజమిన్ హారిసన్ సంతకము చేసిన చట్టము రైళ్లకు గాలి బ్రేకులను, స్వయముగ తగులుకొను కొక్కెములను విధించెను.

తోకపెట్టెలోని మనుష్యుడు

గాలి బ్రేకు వచ్చిన పిమ్మట కప్పులపై పరుగులు తగ్గినవి గాని, బండి చివర మనుష్యుని అవసరము పోలేదు. అమెరికాలో గూడ్సు బండి చివర కబూస్ అను చిన్న పెట్టె యుండెడిది. మన బండ్ల చివరనుండు గార్డు బ్రేకుపెట్టె వంటిదే అది. పొయ్యి, బల్ల, పడుకొనుటకు చోటు అందుండెడివి. దాని కప్పుపై గోపురము వంటి అద్దాల గది నుండి సిబ్బంది బండి పొడవునను చూచెడివారు. ఇరుసు వేడెక్కి పొగ వచ్చుచున్నదా, సరకు ప్రక్కకు ఒరిగినదా అని కనిపెట్టెడివారు. గోడపై నున్న పీడనమాపకము గాలి చివరి వఱకు అందినదో లేదో చూపెడిది. దాని దగ్గఱనే యొక అత్యవసర కవాటము. డ్రైవరు బ్రేకు పనిచేయకున్నను, తోకలోని మనుష్యుడు ఆ కవాటమును తెఱచి గాలిని బయటకు విడిచినచో బండికి వెనుకనుండి బ్రేకు పడెడిది. బండి దారిలో నిలిచిపోయినచో బ్రేకుమాన్ లాంతరు పట్టుకొని వెనుకకు నడచి, రాబోవు బండిని హెచ్చరించెడివాడు.

ఈ విధముగ దీపము, పీడనమాపకము, కవాటము అను మూడు సాధనములతో తోకయందలి మూడు పనులును ఒక్కచోటనే నెఱవేఱుచుండెను.

దీపమునకు మాట వచ్చుట

ఇరువదవ శతాబ్ది ద్వితీయార్ధమున పరిస్థితులు మాఱినవి. వేడెక్కిన ఇరుసులను దారిప్రక్కనున్న యంత్రములే గుర్తింపసాగినవి. రేడియో సాధనములు చిన్నవైనవి. తోకపెట్టెను, అందలి సిబ్బందిని నడుపుట ఖర్చుతో గూడిన పని యని రైల్వే కంపెనీలు భావించెను. 1969లో ఫ్లోరిడా ఈస్ట్ కోస్ట్ రైల్వే తోకపెట్టెకు బదులు పరికరమును వాడుట ప్రారంభించెను. 1982లో కార్మిక సంఘముతో కుదిరిన ఒడంబడిక తరువాత మిగిలిన పెద్ద రైల్వేలును అదే దారి పట్టెను. ఈ పరికరమునకు ఇంగ్లీషున "ఎండ్ ఆఫ్ ట్రెయిన్ డివైస్" అని పేరు. మిణుకుమనుచు వెలుగు దీపముండుటచే రైలు పనివారు దానిని ముద్దుగా "ఫ్రెడ్" అని పిలిచిరి.

పరికరము నిర్మాణము సులభముగ బోధపడునట్టిదే. దానిని చివరి పెట్టె కొక్కెమునకు బిగింతురు. పెట్టె చివరనుండు బ్రేకు రబ్బరు గొట్టమును దానికి తగిలింతురు. లోపల నొక భాగము గాలి పీడనమును విద్యుత్ సంకేతముగ మార్చును. మఱియొక భాగము పెట్టె కదలుచున్నదో నిలిచియున్నదో గుర్తించును. వెలుతురును కనిపెట్టు కన్ను వంటి భాగము చీకటి పడగనే ఎఱ్ఱదీపమును వెలిగించును. అది సుమారు సెకనుకొకసారి మిణుకుమనుచుండును. ఈ విషయములన్నిటిని రేడియో ప్రసారిణి ఇంజనులోని గ్రాహకమునకు పంపును. అమెరికాలో ఇందులకు 457.9375 మెగాహెర్ట్జుల పౌనఃపున్యమును కేటాయించిరి. ఆ తరంగము పొడవు సుమారు 65 సెంటీమీటర్లు. కబురు సుమారు నిమిషమున కొకసారి పోవును. పీడనము మాఱినచో వెంటనే పోవును.

దీనికి కావలసిన విద్యుత్తు బ్యాటరీనుండి వచ్చును. కొన్ని పరికరములలో బ్రేకు గొట్టపు గాలిలో కొంచెము భాగమే ఒక చిన్న టర్బైనును త్రిప్పి విద్యుత్తును పుట్టించును. ప్రతి పరికరమునకు ప్రత్యేక సంఖ్య గలదు. డ్రైవరు ఆ సంఖ్యను తన గ్రాహకముపై పెట్టుకొనవలెను. లేనిచో ప్రక్కదారిలో పోవు బండి తోక పీడనము తన బండిదని భ్రమపడు ప్రమాదము కలదు.

తోకపెట్టెలోని దీపము, పీడనమాపకము అను రెండింటి పనిని పరికరము చక్కగా నెఱవేర్చెను. పీడనమాపకము అంకె ఇప్పుడు నేరుగా డ్రైవరు కన్నులయెదుటనే యుండుటచే ఈ పని మెఱుగుపడినదనియే చెప్పవలెను. కాని మూడవదగు కవాటము తోకపెట్టెతోపాటు పోయెను.

మూసికొనిపోయిన గొట్టము

కవాటము లేమి ఎట్లు ప్రాణాంతకమగునో తెలియుటకు వెస్టింగ్‌హౌస్ బ్రేకును మరల తలచుకొనవలెను. గొట్టము తెగినచో బ్రేకు పడును, అది మేలే. మఱి గొట్టము తెగక, నడుమ మూసికొనిపోయినచో? ప్రతి పెట్టె రెండు కొనలయందును గొట్టమునకు ఒక బిరడా యుండును. పెట్టెలను విడదీయునపుడు దానిని మూయుదురు. నడుచు బండిలో అట్టి బిరడా పొరపాటున గాని, తుంటరి చేష్టవలన గాని మూతపడవచ్చును. రబ్బరు గొట్టము మెలిపడవచ్చును. చలిదేశములలో మంచుగడ్డ అడ్డుపడవచ్చును.

అపుడు డ్రైవరు గాలిని విడిచినచో అడ్డునకు ముందున్న గాలి మాత్రమే బయటకు పోవును. వెనుక గొట్టములో పీడనము తగ్గదు. పీడనము తగ్గనిదే కవాటము కదలదు. ఐదవ పెట్టె వద్ద అడ్డు కలిగినచో నూరు పెట్టెల బండిలో తొంబదియైదు పెట్టెలకు బ్రేకు లేనట్లే. ఇంజనులోని మామూలు పీడనమాపకము మాత్రము పీడనము తగ్గినట్లే చూపును. తోకపరికరపు అంకె కదలకపోవుటను బట్టి డ్రైవరు నిజమును గ్రహింపవచ్చును. అయినను కొండ దిగుచున్న బండిలో గ్రహించి చేయునదేమి? వెనుకనున్న కవాటమును తెఱచుటకు అచ్చట మనుష్యుడు లేడు.

కహోన్ కనుమ

కాలిఫోర్నియా రాష్ట్రమున శాన్ బెర్నార్డినో పట్టణమునకు ఉత్తరమున కహోన్ అను కనుమ కలదు. అచ్చటి పాత మార్గమున కొన్నిచోట్ల 100 అడుగులకు 3 అడుగుల వాలు గలదు. విశాఖపట్నమునుండి అరకు మీదుగా పోవు కొండదారిలో గూడ్సు బండి దిగుటను చూచినవారికి, అట్టి వాలుపై బండిని అదుపున ఉంచుట ఎంత కష్టమో ఊహింపవచ్చును. బ్రేకు వేసినను బండి వేగము కొంచెము హద్దు మీఱినచో దిమ్మలు కాగి పట్టు సడలును. పట్టు సడలినచో వేగము మఱింత పెరుగును.

డ్రైవరు ఆజ్ఞ నందుకొని తోకలో కవాటమును తెఱవగల "రెండు దారుల" పరికరము అప్పటికే తయారై యుండెను. 1992లో అమెరికా కాంగ్రెసు దానిని విధించు నిబంధనలు చేయవలసినదిగా చట్టము చేసెను. నిబంధనలపై చర్చలు సాగుచుండగనే 1994 డిసెంబరు 14వ తేదీన కహోన్ కనుమలో గొట్టము మూసికొనిపోయిన గూడ్సు బండి యొకటి అదుపు తప్పి, నిలిచియున్న బొగ్గు బండిని గ్రుద్దుకొనెను. 1996 ఫిబ్రవరి 1వ తేదీ తెల్లవారుజామున అదే కనుమలో మఱియొక గూడ్సు బండి పరుగుతీసి పట్టాలు తప్పెను. ముగ్గురు సిబ్బందిలో ఇద్దఱు మరణించిరి. డ్రైవరు తీవ్రముగ గాయపడెను.

ఈ రెండవ బండి తోకకు రెండు దారులు గల పరికరమే తగిలించి యుండెను. కాని దానిని ఆజ్ఞ స్వీకరించు స్థితిలో ఉంచలేదు. ప్రాణములను కాపాడగల సాధనము బండి వెనుకనే యుండి, వారి చేతికి అందకుండపోయెను. 1997 జనవరిలో నిబంధనలు వెలువడి, ఆ యేడే అమలులోనికి వచ్చెను. గంటకు 30 మైళ్ల, అనగా 48 కిలోమీటర్ల, వేగమును మించునట్టి బండ్లకును, పెద్ద వాలులు దిగు బండ్లకును రెండు దారుల పరికరము తప్పనిసరి యయ్యెను. చివర మనుష్యుడుండి కవాటము తెఱవగల బండ్లకును, వెనుక ఇంజను గల బండ్లకును మాత్రము మినహాయింపు లభించెను.

రెండు దారుల పరికరము పనిచేయు తీరు

ఈ పరికరములో పీడనమాపకముతోపాటు గొట్టమునకు పెద్ద కవాటము కూడ కలదు. ఇంజనులో మూత గల ఎఱ్ఱని మీట యుండును. డ్రైవరు దానిని నొక్కగనే 452.9375 మెగాహెర్ట్జుల తరంగముపై ఆజ్ఞ వెనుకకు పోవును. రెండు కిలోమీటర్ల దూరమును గాలిగొట్టములోని కబురు 7 సెకన్లలో దాటగా, రేడియో తరంగము సెకనులో పదిలక్షల వంతులు ఏడింటిలోపల దాటును. ఆజ్ఞ అందగనే కవాటము తెఱచుకొనును. తోకనుండి గాలి వెడలిపోవును. బ్రేకు కబురు వెనుకనుండి ముందునకు సాగును. గొట్టము నడుమ మూసికొనిపోయియున్నను, అడ్డునకు ఇరువైపులను బ్రేకు పడును. అడ్డు లేనపుడును లాభము కలదు. రెండు కొనలనుండి కబురు బయలుదేరుటచే బండి అంతటికి బ్రేకు పడుటకు 7 సెకన్లకు బదులు మూడున్నర సెకన్లే చాలును; పెట్టెలొకదానినొకటి ఢీకొనుటయు తగ్గును.

అన్యులెవ్వరును ఒక బండికి బ్రేకు వేయకుండుటకై తోకపరికరమును, ఇంజనులోని పరికరమును ముందుగా జత పఱుపవలెను. తోకవద్ద నిలిచిన ఉద్యోగి పరికరముపై మీట నొక్కును. కొద్ది సెకన్లలోపల డ్రైవరు ఇంజనులో తన మీట నొక్కి దానిని అంగీకరించును. అటుపిమ్మటనే ఆజ్ఞ చెల్లును. బండి బయలుదేరుటకు ముందు ఈ కలయికను పరీక్షింపవలెను. బండి నడచునపుడు రెండు పరికరములును పది నిమిషముల కొకసారి ఒకదానినొకటి పలుకరించుకొనును. 16 నిమిషముల 30 సెకన్ల వఱకు జవాబు రాకున్నచో పరికరము చెడినదని యెంచి, డ్రైవరు వేగమును 48 కిలోమీటర్లకు తగ్గింపవలెను.

ఈ గడువు చిన్నదిగా కనబడవచ్చును. గంటకు 40 కిలోమీటర్ల వేగముతో పోవు బండి పదునాఱున్నర నిమిషములలో 11 కిలోమీటర్లు పోవును. రేడియో తరంగములకు కొండచరియలు, సొరంగములు అడ్డుపడును. 2018 అక్టోబరు 4వ తేదీన వయోమింగ్ రాష్ట్రములోని గ్రానైట్ కానియన్ వద్ద కొండ దిగుచున్న గూడ్సు బండిలో బ్రేకు గొట్టమునకు అడ్డు కలిగెను. అత్యవసర ఆజ్ఞ రేడియో ద్వారా తోకకు చేరలేదు. బండి ముందు నిలిచియున్న బండిని గ్రుద్దుకొని, ఇంజనులోని ఇద్దఱును మరణించిరి. తోకపెట్టెలోని మనుష్యుడు చేయి చాచినచో కవాటము అందెడిది. పరికరమునకు ఆ చేయి రేడియో తరంగము. అది తెగినదని డ్రైవరుకు ఎంత త్వరగా తెలియునన్న ప్రశ్నపై అతని ప్రాణము ఆధారపడియున్నది.

పొడవైన బండ్లకు మఱియొక ఉపాయము కూడ వాడుకలో నున్నది. బండి నడుమ గాని, చివర గాని మఱియొక ఇంజనును చేర్చి, ముందు ఇంజనునుండి రేడియో ద్వారా దానిని నడుపుదురు. ఆ ఇంజను బండిని త్రోయుటయేగాక, తానున్నచోటనుండి గాలిని నింపుటకును విడుచుటకును ఉపయోగపడును.

మన దేశమున

భారతదేశపు గూడ్సు బండ్ల చివర బ్రేకుపెట్టెయు, అందు గార్డును ఉండుట చిరకాలముగ వచ్చుచున్న పద్ధతి. 2022లో ఆ ఉద్యోగమునకు "ట్రెయిన్ మేనేజరు" అని పేరు మార్చిరి. అతని పెట్టెలో పీడనమాపకము, అత్యవసర బ్రేకు కవాటము కలవు. మన గాలి బ్రేకు బండ్లలో గొట్టపు పీడనము చదరపు సెంటీమీటరుకు 5 కిలోగ్రాములు. బండి బయలుదేరుటకు ముందు ఆ గాలి తనవఱకు సరిగా అందినదో లేదో అతడు చూచుకొనును. మన దేశమునను తోకపరికరములతో పరీక్షలు జరిగినవి. అనేక మార్గములందు ఇరుసుల లెక్కింపు యంత్రములను అమర్చిరి. విభాగములోనికి ప్రవేశించిన ఇరుసులెన్నియో బయటకు వచ్చినవియు అన్నియే యైనచో, బండి తెగలేదని ఆ యంత్రము తెలుపును. తోక చేయవలసిన మొదటి పనిని ఇట్లు పట్టాలే చేయుచున్నవి.

మనుష్యుని స్థానమున యంత్రమును నిలుపుట తప్పు కాదు. కప్పులపై పరుగిడి ప్రాణములు విడిచిన బ్రేకుమాన్‌లను తలచినచో అది గొప్ప మేలని యంగీకరింపవలెను. అయినను ఒక మనుష్యుని తొలగించుటకు ముందు అతడు చేయు పనులన్నిటిని పట్టిక వ్రాసికొనవలెను. దీపము చూపుటయు, అంకె చదువుటయు నిత్యము కంటికి కనబడు పనులు. కవాటము తెఱచుట యేండ్ల కొకసారి గాని అవసరము కాని పని. కనుకనే అది లెక్కలో జాఱిపోయెను. దానిని మరల తోకకు చేర్చుటకు కొన్ని సంవత్సరములు పట్టెను. ఆ లోపల కొందఱు ప్రాణములు గోల్పోయిరి.

చిన్న స్టేషనులో పచ్చజెండా పట్టుకొని నిలిచిన స్టేషను మాస్టరు బండి తోక దాటు వఱకు కదలకుండుటకు కారణము ఇపుడు విద్యార్థులకు బోధపడియుండును. తరువాత గూడ్సు బండి పోవునపుడు వారును ఇంజనును చూచి ఊరకొనక, చివరి పెట్టె వఱకు నిలిచి చూతురుగాక.